వదిన చేతిలో పెట్టిన పొలం

కొండ మీది వాతావరణ కేంద్రం
సెప్టెంబరు 26

వదినా,

క్షేమంగా చేరాను. పైకి వచ్చేటప్పుడు జీపులో రెండుసార్లు కడుపు తిప్పింది. మూడోసారి డ్రైవరే ఆపి, "దిగి కాసేపు నడవండి మేడమ్, నాకు సీటు కడిగే ఓపిక లేదు" అన్నాడు. ఇక్కడ రెండు గదులు, ఒక వంటగది, బయట గాలి కొలిచే గిన్నెలు, వాన కొలిచే డబ్బా. వైర్‌లెస్ సెట్టు ఉంది గాని అందులో గాలీ వానా తప్ప ఇంకో ముక్క మాట్లాడకూడదు. ఫోనుకి సిగ్నలు లేదు, అద్దంలా వాడుకుంటున్నాను. సరుకుల జీపు గురువారం గురువారం వస్తుంది. ఉత్తరాలు అందులోనే రావాలి, పోవాలి. నాతోపాటు ఉండే ఆపరేటరు గారు పెద్దాయన, రోజుకి నాలుగు మాటలు మాట్లాడతారు. అందులో మూడు కూరలో ఉప్పు గురించి.

అసలు సంగతికి వస్తాను. ట్యాబ్ నీ చేతిలో పెట్టి వచ్చాను గాని, అందులోని నా పొలం ఆట గురించి, బస్సు కదిలిపోతుంటే సరిగ్గా చెప్పలేకపోయాను. వచ్చే నెల మొదలవగానే ఆటలో కోతల మేళా వస్తుంది. ఏడాదికి ఒక్కసారే. మా సంఘంలో ఎనిమిది పొలాలు, కెప్టెన్‌ని నేను. అందరికీ కలిపి ఒక పనుల పలక ఉంటుంది. గుమ్మడికాయలు కొయ్యి, మొక్కజొన్న ఆరబెట్టు, పాలు పోయి, అలా. ఒక్కో పనికి ఇన్ని మార్కులని రాసి ఉంటుంది. నెలాఖరుకి ఎనిమిది మంది మార్కులూ కలిపి బండి నిండితే, అందరికీ ఒక్కో గాజు తోట ఇస్తారు.

గాజు తోట ఎందుకని నవ్వకు. చలికాలం ఆటలో మంచు పడుతుంది. గాజు తోట లేని పొలం మూడు నెలలు తెల్లగా పడి ఉంటుంది. పని ఉండదు, ఎవరూ గేటు దాకా రారు, ఎవరూ పలకరించరు. రెండేళ్ళుగా అది నా చేతికి అందినట్టే అంది జారిపోతోంది. ఈసారి పోనివ్వను.

నువ్వు చేయాల్సిందల్లా పెద్ద మార్కుల పనులు మాత్రమే పట్టుకోవడం. చిన్నవాటి జోలికి పోకు. కొట్టంలో నేను దాచిన తేనె ముట్టుకోకు, ఆఖరి వారం వాడాలి. నిద్రమొహం అని ఒకడున్నాడు, వాడిని రోజూ తిట్టాలి, లేకపోతే పని చెయ్యడు. అన్నిటికంటే ముఖ్యం, ఆడుతున్నది నువ్వని ఎవరికీ తెలియకూడదు. కెప్టెన్ ఊళ్ళో లేదంటే సంఘం చెల్లాచెదురైపోతుంది.

అన్నయ్యకి మాత్రం ట్యాబ్ ఇవ్వకు. దాని మీద పడుకుంటాడు.

నీ ఆడపడుచు

*

అక్టోబరు 5

కెప్టెనమ్మ గారి సముఖానికి,

తమరి కూలి మనిషి నమస్కారాలు. కొట్లో పని చూసుకుని, మధ్యాహ్నం ఖాళీలో కుట్టు మిషన్ మీద ట్యాబ్ ఆనించుకుని నీ పొలం చేస్తున్నాను. నిన్న ఒకావిడ లంగా అంచు కుట్టించుకోవడానికి వచ్చి, "అయ్యో, మీ ఆవు అరుస్తోందండీ" అంది. ఇద్దరం కలిసి మేత వేశాం.

పనుల పలక చూశాను. నీకు తెలియందేముంది, ఇరవై ఏళ్ళుగా పాతబట్టలు సరిచేసే కొట్టు నాది. బొత్తాం ఊడిందనో, జిప్పు పాడైందనో వచ్చినవాళ్ళని ముందు పంపించేసి, ఆ తర్వాతే కోటు విప్పి కుట్టే పెద్ద పని ముందేసుకుంటాను. లేకపోతే గుమ్మంలో జనం పేరుకుపోతారు. నీ పలక మీద కూడా అలాంటి చిల్లర పనులే కుప్పగా వేలాడుతున్నాయి. రెండు గుడ్లు తెచ్చివ్వు, ఒక కుండ కడుగు. పాపం ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో. అన్నీ టకటకా తీసిపారేశాను. పలక అద్దంలా మెరిసిపోయింది. నువ్వుంటే చూసి సంతోషించేదానివి.

నీ మేకకి బొత్తిగా అందచందాలు లేవు. దానికో టోపీ కొన్నాను. డబ్బు చాలకపోతే కొట్టంలో తేనె అమ్మాను. నీ ఉత్తరం తర్వాతి రోజు వచ్చింది. పోనీలే, టోపీకి ఎర్ర ఈక ఉంది.

నేనెవరన్న విషయంలో నువ్వేం బెంగపెట్టుకోకు. మీ అన్నయ్య కులాసా. నువ్వు చెప్పినట్టే ట్యాబ్ ఇవ్వలేదు, అయినా సోఫాలో ట్యాబ్ లేకుండానే పడుకుంటున్నాడు.

ఇట్లు,
జీతం బత్తెం లేని వదిన

*

అక్టోబరు 10

వదినా,

నీ ఉత్తరం చదివి బయటికి వెళ్ళి నిలబడ్డాను. గాలి గంటకి నలభై కిలోమీటర్లుంది. అందులో నేను అరిచింది కూడా కలిసే ఉంటుంది.

తేనె. నా ఆరు నెలల తేనె. మేకకి టోపీ.

అదలా ఉంచు. చిన్న పనులు తీసేశావా? ఒక్కొక్కళ్ళకి రోజుకి ఇన్ని పనులే అని లెక్క ఉంటుంది వదినా. నువ్వు పది చిల్లర పనులు చేస్తే ఆ రోజుకి నీ కోటా అయిపోయింది, వచ్చిన మార్కులు గుప్పెడు. నేనైతే పొద్దున్నే లేచి ఉన్నవాటిలో లావుపాటి పనులు నాలుగు నా పేరున పట్టేసుకుంటాను. చిన్నవి మిగతావాళ్ళు చేసుకుంటారు. అదీ పద్ధతి. మూడేళ్ళుగా మార్కుల్లో మొదటి పేరు నాదే ఉంది, తెలుసా.

నీకు కోపం రావచ్చు గాని ఒక మాట చెప్తాను. ఇది నీ కొట్టు కాదు. ఇక్కడ గుమ్మంలో ఎవరూ నిలబడి లేరు. ఎవరి మొహమూ చూడనక్కర్లేదు, మార్కులు చూడు చాలు.

నిద్రమొహాన్ని తిడుతున్నావా లేదా అన్నది రాయనేలేదు. బాతులమ్మ అని ఒకావిడ బాతుల ఫొటోలు పంపుతూ ఉంటుంది. ఆమెకి జవాబివ్వకు, మాటల్లోకి దించుతుంది.

ఆపరేటరు గారు ఇవాళ ఐదో మాట మాట్లాడారు. "ఎవరమ్మా పోయారు?" అన్నారు. తేనె అని చెప్పలేకపోయాను.

నీ ఆడపడుచు

*

అక్టోబరు 15

మరదలు పిల్లకి,

గాలిలో అరవకు, గొంతు పోతుంది.

నువ్వు చెప్పే సరికే ఆలస్యమైంది, నేను పది రోజులుగా బొత్తాలే కుడుతున్నాను. అయినా ఒక వింత చెప్తాను. చిన్నవి తీసేస్తుంటే వాటి చోట కొత్త పనులు వచ్చి పడుతున్నాయి. అందులో మంచివి మిగతావాళ్ళు పట్టుకుంటున్నారు. గుమ్మడి దొర గారు, అదే ఆ మీసాల బొమ్మ పెట్టుకున్నాయన, "మూడేళ్ళలో పెద్ద పని నా చేతికి రావడం ఇదే మొదలు" అని రాశాడు. బండి సగం పైన నిండింది. పోయినేడు ఈ పాటికి అడుగు కూడా నిండలేదట కదా. మన మార్కులు మాత్రం, ఇదివరకు నువ్వు చూసినంత ఎత్తులో లేవు. కొంచెం కిందకి చూసుకుంటూ రావాలి.

నిద్రమొహాన్ని తిట్టడానికి కూర్చున్నాను. "ఏమయ్యా, ఎందుకు చెయ్యట్లేదు?" అన్నాను. బేకరీలో రొట్టెలు కాల్చే పని, తెల్లవారుజామునే లేవాలి, అందుకని కళ్ళు మూతలు పడతాయి అన్నాడు. వెళ్ళి పడుకో అన్నాను. పడుకున్నాడు. లేచాక రెండు బండ్ల మొక్కజొన్న తెచ్చి పోశాడు. తిట్టడం మర్చిపోయాను, మన్నించు.

బాతులమ్మకి జవాబిచ్చాను. ఒక బాతు కుంటుతోందట. అంత పెద్ద మనిషి బాతు కాలు గురించి అడుగుతుంటే ఎలా ఊరుకోను? నువ్వు ఊరుకోగలవు. నువ్వు మీ అన్నయ్య పెళ్ళిలోనే నాతో మూడు రోజులు మాట్లాడకుండా ఉండగలిగినదానివి.

మేక టోపీ అందరికీ నచ్చింది.

ఇట్లు,
నీ వదిన

*

అక్టోబరు 17

వదినా,

బండి సగం పైన నిండిందా? నిజంగానా? రాసింది నువ్వు కాబట్టి సగం నమ్ముతున్నాను.

ఇక ఆఖరి పదిహేను రోజులు. మెత్తగా ఉండకు. పడుకో, లే, బాతు కాలు ఎలా ఉంది, ఇవన్నీ మేళా అయ్యాక. నిద్రమొహం రెండు బండ్లు తెచ్చినా వాడి పేరు ఎప్పుడూ చివరే ఉంటుంది, నాకు తెలుసు. మా సంఘానికి ఒక రూలుంది, పెట్టింది నేనే. మేళా ముగిసేసరికి మార్కుల్లో చివర ఎవరుంటే వాళ్ళని తీసేసి కొత్తవాళ్ళని చేర్చుకోవడం. పోయినేడు ఒకామెని తీసేశాను, అంతకు ముందు ఇంకొకరిని. బాగుండదు, నిజమే. కానీ రూలు రూలే.

నేను పైన ఉన్నాను కాబట్టి ఆ పని నువ్వే చెయ్యాలి. ఆఖరి రోజు సాయంత్రం మార్కుల పట్టీ తెరువు. అందరికంటే కింద ఎవరున్నారో చూసి, పక్కన ఎర్ర గుండీ ఉంటుంది, నొక్కెయ్యి. పేరు చదవకు. చదివితే నీకు జాలి పుడుతుంది, మళ్ళీ పడుకోమంటావు. కళ్ళు మూసుకుని నొక్కు. ముందుగా అందరికీ ఒకసారి గుర్తు చెయ్యి, అది కెప్టెన్ బాధ్యత.

పెళ్ళిలో మాట్లాడనిది పంటినొప్పి వల్ల. ఎన్నిసార్లు చెప్పాలి?

నీ ఆడపడుచు

*

అక్టోబరు 22

మరదలా,

కూర్చుని చదువు. మంచం ఉంటే మంచం మీద.

నువ్వు చెప్పిన పట్టీ ముందుగానే ఒకసారి తెరిచాను. పేరు చదవొద్దన్నావు గాని, ఎదురుగా ఎర్ర ఈక టోపీ పెట్టుకున్న మేక బొమ్మ ఉంటే ఎలా చదవకుండా ఉంటాను? అందరికంటే కింద ఉన్నది మనమే. నీ పొలమే. చిల్లర పనులన్నీ నా వాటాకే వచ్చాయి కదా, మార్కులు ఎక్కడ్నుంచి వస్తాయి? పైకి ఎక్కాలంటే ఇక కుదరదు, బాతులమ్మ కూడా మనకంటే బోలెడంత పైన ఉంది.

ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? కళ్ళు మూసుకుని నిన్నే నొక్కెయ్యనా?

ఇంకో సంగతి. దాచితే నాకు నిద్ర పట్టదు, చెప్తే నీకు పట్టదు. నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి నీ నిద్రే పోనీ. మేళా అయిపోగానే వీళ్ళందరూ మూటా ముల్లే సర్దుకుని ఇంకో సంఘానికి పోదామనుకున్నారట. ఏడుగురూ. నిన్ను వెనకాల హెడ్మాస్టారు అంటారట. బాతులమ్మే చెప్పింది. "మేం పని చేస్తే మార్కులు ఎన్నని అడుగుతుంది, చెయ్యకపోతే ఎందుకని అడుగుతుంది, ఎలా ఉన్నావని మాత్రం అడగదు" అంది. ఇప్పుడు ఆ ఆలోచన మానుకున్నారట. మానుకున్నారు కాబట్టే నీకు రాస్తున్నాను, లేకపోతే ఎలాగోలా కడుపులో పెట్టుకునేదాన్ని.

మీ అన్నయ్యతో అంటే, "చిన్నప్పుడు గోళీల ఆటలోనూ అంతే, అందర్నీ ఓడించి, ఒక్కతే కూర్చుని ఏడ్చేది" అన్నాడు. అని, పడుకున్నాడు.

జవాబు తొందరగా రాయి. ఆఖరి రోజు దగ్గర పడుతోంది.

వదిన

*

అక్టోబరు 24

వదినా,

నొక్కకు. ఆ గుండీ దగ్గరికి పోకు. అందరికీ గుర్తు చెయ్యమన్నాను చూడు, అది కూడా చెయ్యకు. ఈసారికి రూలు లేదని చెప్పు. కెప్టెన్ ఏం చెప్తే అది రూలు.

హెడ్మాస్టారా? మూడేళ్ళు వాళ్ళ కోసం పొద్దున్నే లేచాను. గుమ్మడి దొరకి విత్తనాలు ఎవరిచ్చారు? సరే, అమ్మాను. అయినా చవకగా అమ్మాను.

చాలా బాధగా ఉంది వదినా. ఇక్కడ కొండ మీద ఉంటే బాధకి తలుపు వేసుకునే చోటు కూడా లేదు. వాళ్ళు ఉండిపోవడానికి కారణం నువ్వు. నువ్వు నాలాగా నటించకుండా నీలాగా ఉన్నావు, వాళ్ళకి అది నచ్చింది. నేను దిగి వచ్చి నోరు తెరిచిన రోజున అందరూ పోతారు. నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు, నెలలు నెలలు ఇలాంటి చోట్లే. కింద ఉన్నప్పుడు ఇంటికి వచ్చి ట్యాబ్ తెరిస్తే, ఆ ఏడుగురే నాతో మాట్లాడేది. గాజు తోట కూడా వాళ్ళ కోసమే అడిగాను, చలికాలం అందరూ వస్తారని.

(అక్టోబరు 31. పోయిన గురువారం నేను ఇది రాసి ముగించేలోపే జీపు దిగి వెళ్ళిపోయింది. ఇవాళ జీపు రాలేదు. వాన పడి దారి తెగిపోతుందని నేనే లెక్క కట్టి కిందకి పంపాను, నా లెక్కే సరైంది. ఈ ఉత్తరం నా దగ్గరే పడి ఉంది. ఇవాళే ఆఖరి రోజు. నువ్వు ఆ ఎర్ర గుండీ నొక్కేసే ఉంటావు.)

నీ ఆడపడుచు

*

నవంబరు 2

మరదలు పిల్లకి,

నీ జవాబు కోసం ఆఖరి నిమిషం దాకా చూశాను. గుమ్మంలోకి వచ్చిన ప్రతి సైకిలూ పోస్టు సైకిలే అనిపించింది. ఏం రాకపోయేసరికి, పోయిన ఉత్తరంలో నువ్వు చెప్పిందే చేద్దామనుకున్నాను. మధ్యాహ్నం అందరికీ గుర్తు చేశాను. "సంఘం రూలు ప్రకారం చివరి పొలాన్ని ఇవాళ తీసేస్తాను. చివర ఉన్నది ఈ పొలమే. రూలు పెట్టినవాళ్ళకి ఒకటీ, మిగతావాళ్ళకి ఒకటీ ఉండదు కదా" అని రాశాను.

రాసేసి కొట్టు పనిలో పడ్డాను. నేను ఒక ప్యాంటు కాలు పొట్టి చేసుకున్నాను.

తర్వాత చూస్తే నిద్రమొహం సగం చేసిన పెద్ద పనిని కింద పడేశాడు. పట్టుకున్న పని పడేస్తే మార్కులు కోసేస్తారని నాకు అప్పుడే తెలిసింది. పొరపాటున జారిందేమో అనుకున్నాను. వెంటనే బాతులమ్మ పడేసింది. ఆ తర్వాత ఇంకొకరు. ఏడుగురూ పనులు పట్టుకోవడం, విసిరి పారెయ్యడం. చివరి చోటు కోసం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. నేను వద్దు వద్దని రాస్తూనే ఉన్నాను, ఎవరైనా వింటేగా. గంట కొట్టేసరికి నీ పొలం మూడో చోటుకి వచ్చింది. అందరికంటే కింద గుమ్మడి దొర గారు. పొద్దున మొదటి చోట ఉన్న మనిషి. "ఇప్పుడు నన్ను తీసెయ్యండి చూద్దాం" అన్నాడు. నేను ఎవర్నీ నొక్కలేదు.

ఇక చేదు మాట. మార్కులన్నీ అలా పారబోసేసరికి బండి నిండలేదు. అంచు దాకా వచ్చింది, ఒక్క రెండు పెట్టెలంత వెలితి. గాజు తోట రాలేదు. నీకే కాదు, ఎవరికీ రాలేదు.

నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. ఆ ప్యాంటు రెండో కాలు మర్చిపోయి ఇచ్చేశాను, ఆయన తిరిగొచ్చి పోట్లాడాడు.

నువ్వు కోప్పడితే కోప్పడు. ఉత్తరం మాత్రం రాయి.

వదిన

*

నవంబరు 7

వదినా,

దారి బాగు చేశారు. నీ ఉత్తరం వచ్చింది. ఒకసారి చదివాను, మళ్ళీ మొదట్నుంచి చదివాను, ఆ పైన వాన డబ్బాలో నీళ్ళు కొలవడం మర్చిపోయాను. ఉద్యోగంలో చేరాక ఇదే మొదలు.

కోపం లేదు. గాజు తోట పోయిందని ఉంది, దాచను. రెండు పెట్టెలు. కానీ వాళ్ళు దాన్ని వదులుకున్నది నీ కోసం వదినా. నేననుకుని నిన్ను ఆపుకున్నారు. నాకు ముట్టాల్సింది కానిది నా గుమ్మంలో దింపేసి పోయినట్టుంది. వచ్చే వారం నా బదులు మనిషి వస్తున్నాడు. దిగి ఇంటికెళ్ళగానే, ఆడింది నేను కాదని వాళ్ళకి చెప్పేస్తాను. పోయేవాళ్ళు పోతారు. దొంగ పేరుతో కూర్చోలేను.

ట్యాబ్ పార్సిల్‌లో పంపెయ్యి. మేక టోపీ తీసెయ్యకు.

ఆపరేటరు గారు పొద్దున తనంతట తనే అన్నారు, ఉప్పు సరిపోయిందని.

నీ ఆడపడుచు

*

నవంబరు 21

వదినా,

ఇంట్లోంచి రాస్తున్నాను. ఫోను పక్కనే ఉంది, సిగ్నలు నిండుగా ఉంది. అయినా ఫోను చేస్తే నువ్వు మధ్యలో అడ్డు తగులుతావు, నేను పోట్లాటలోకి దిగుతాను, అసలు సంగతి ఉండిపోతుంది. అందుకే ఉత్తరం.

నిన్న చెప్పేశాను. నాలుగుసార్లు రాసి, చెరిపి, ఐదోసారి పంపాను. "మేళా నెలంతా ఆడింది నేను కాదు, మా వదిన. మీరు ఆపుకున్నది తనని. మీ గాజు తోట నా వల్ల పోయింది. నేను తప్పుకుంటాను" అని. జవాబు కోసం తెర వంకే చూస్తూ కూర్చున్నాను.

నిద్రమొహం ముందు వచ్చాడు. "తెలుసు" అన్నాడు. గుమ్మడి దొర, "మొదటి రోజు నుంచీ తెలుసు" అన్నాడు. బాతులమ్మ అయితే, "మీ వదినని ఆపుకోవడానికి ఆమె ఎక్కడికి పోతోంది? కొట్టు ఉంది, మొగుడున్నాడు. మేం ఆపుకున్నది నిన్నే" అంది. ఎందుకని అడిగితే, "మీ వదిన్ని అడుగు" అని బాతు ఫొటో పంపింది. కాలు నయమైంది.

పొలంలో మంచు పడుతోంది. చేసే పని ఒక్కటీ లేదు. అయినా పొద్దుట్నుంచి ఏడుగురూ గేటు దగ్గరే ఉన్నారు, ఊరికే. మేక టోపీ గురించి మాట్లాడుకుంటున్నారు.

వాళ్ళకి ఏం చెప్పావు వదినా? ఎవరికీ తెలియకూడదని అన్నాను కదా. నిజం రాయి.

నీ ఆడపడుచు

*

నవంబరు 25

మరదలు పిల్లకి,

బెంగపెట్టుకోకు అన్నాను గాని, చెప్పలేదని ఎక్కడా రాయలేదు. కావాలంటే నా ఉత్తరాలు తీసి చూసుకో.

మొదటి రోజే చెప్పాను. పొలంలో అడుగు పెట్టగానే బాతులమ్మ, "ఏం కెప్టెన్, ఇవాళ ఇంకా తిట్లు మొదలుపెట్టలేదేం?" అంది. ఎవర్నని తిట్టను? నేను కెప్టెన్ని కాదమ్మా, వాళ్ళ వదినని అన్నాను. ఆమె ఎక్కడికి పోయిందంటే కొండ మీదికి అన్నాను. ఒక్కతేనా అంటే ఒక్కతే అన్నాను.

ఆ తర్వాత చెప్పింది రాస్తాను, కోపమొస్తే రానీ. "దానికి మాట్లాడటం రాదు. ప్రేమ పుడితే పని చెప్తుంది, బెంగ పుడితే లెక్క అడుగుతుంది. బస్సెక్కేటప్పుడు నన్ను ఎలా ఉంటావనలేదు, పొలం ఎలా చూస్తావని మాత్రమే అడిగింది. ఎందుకంటే అక్కడ మీరున్నారు. దానికి మీరు తప్ప ఇంకెవరూ లేరు. అది దిగి వచ్చేసరికి గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండండి" అన్నాను. అంతే. మిగతాది వాళ్ళు చేశారు.

ఎవరూ లేరన్నది అబద్ధమే. నేనున్నాను. పన్నెండేళ్ళుగా ఉన్నాను. నువ్వే నన్ను ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు. ఈ రెండు నెలల్లో నువ్వు నాకు రాసిన ఉత్తరాలు పెళ్ళయ్యాక మనిద్దరం మాట్లాడుకున్న మాటలన్నిటికంటే ఎక్కువ. నీ పొలం పాడు చేశానేమో గాని, నాకు మాత్రం ఈ రెండు నెలలూ చాలా బాగున్నాయి.

ఆదివారం రా. పని ఏమీ లేదు, ఊరికే రా. రాకపోతే నేనే మీ అన్నయ్యని వెంటబెట్టుకుని వస్తాను. ఆయన వచ్చీ రాగానే నీ మంచం మీద పడుకుంటాడు, తర్వాత నీ ఇష్టం.

వదిన